ఇల్లూ వాకిలీ: జెఫర్సన్ గుట్ట మీది ఇల్లు

పోయిన సంచికలో, అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు చూసొచ్చిన మాంటిచెల్లో గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు వాస్తు మీద కూడా ఎప్పుడూ రాలేదు. చదవనివాళ్ల కోసం ఒక్క ముక్క: వర్జీనియా రాష్ట్రంలో షార్లెట్స్‌విల్ పక్కన ఒక గుట్ట మీద, అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తనే గీసుకుని కట్టించుకున్న ఇల్లు అది. ఈ నెల జాగా అంతా దానికే ఇస్తున్నా. బోరు మోటార్ల గురించి, పెచ్చులూడే స్లాబుల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: మా అబ్బాయి పోయిన ఎండాకాలం మమ్మల్ని ఆ ఇంటికి తీసుకెళ్లాడు. బయట నుంచి చూస్తే ఒకటే అంతస్తు. లోపల గైడేమో మూడంతస్తులు అంది. పైకి పోయే మెట్లే కనబడలేదు. ఇదేం మాయ సార్?
– రిటైర్డ్ టీచర్, హనుమకొండ

జవాబు: మాయే టీచరమ్మా, కావాలని చేసిన మాయ. మీ ఫొటోలుంటాయి కదా, తూర్పు ముఖం ఫొటో ఒకటి తీసి కిటికీలను పెద్దది చేసి చూడండి. నిలువుగా, పొడుగ్గా ఉన్న ఒకే కిటికీలా ఉంటుంది. నిజానికి అవి రెండు. కింది ముక్క కింది గదిది, పై ముక్క పై అంతస్తు గదిది. పై గదిలోకి పోయి చూస్తే ఆ కిటికీ నేలకు ఆనుకుని ఉంటుంది. బయటికి చూడాలంటే చతికిలబడాల్సిందే. మూడో అంతస్తు పడకగదులకు వెలుతురు కప్పులో పెట్టిన అద్దాల నుంచి వస్తుంది. ఆ కప్పును చుట్టూ పిట్టగోడ దాచేస్తుంది. హాలు ఎత్తు సుమారు 18 అడుగులు కాబట్టి లోపలికి అడుగుపెట్టినవాళ్లకు కూడా పైన ఇంకో కాపురం ఉందన్న అనుమానం రాదు.

ఈ పిచ్చి ఆయనకు పారిస్‌లో పట్టింది. 1784 నుంచి 1789 దాకా కొత్త దేశం తరఫున అక్కడ ఉన్నాడు. అక్కడి షావుకార్లు, జమీందార్లు అప్పుడు కట్టుకుంటున్న ఇళ్లు ఇలాగే ఒక్క అంతస్తులా కనబడేవి. సేన్ నది ఒడ్డున ఓతెల్ ద సామ్ అనే భవనం కడుతుంటే, ఎదురుగా ఉన్న తోటలో కూర్చుని దాని గుమ్మటం వంక చూస్తూ ఉండిపోయేవాడట. అప్పటికే గుట్ట మీద ఆయనకో ఇల్లుంది. 1768లో గుట్ట నెత్తి చదును చేయించి, ఆ మరుసటేడు మొదలుపెట్టిన ఎనిమిది గదుల ఇల్లు. తిరిగొచ్చాక అది కంటికి ఆనలేదు. 1796లో పై అంతస్తు కూలగొట్టించి మళ్లీ మొదలు! 1800లో గుమ్మటం లేచింది. 1809 నాటికి 21 గదులతో పని ఒక కొలిక్కి వచ్చింది. మొత్తం నలభై ఏళ్లు. అందులో ఎనిమిదేళ్లు ఆయన దేశాధ్యక్షుడు కూడా. ఓనరే డిజైనరైతే ఇల్లు ఎప్పటికీ పూర్తికాదని మేం ఆఫీసులో అనుకునేవాళ్లం, అనుభవంతోనే.

ఇక మెట్లు. ఉన్నాయి. పక్క నడవల్లో, ఎవరికీ కనబడని చోట. వెడల్పు రెండడుగులు. నిట్టనిలువు. పెద్ద మెట్లవరుస డబ్బు దండగ, జాగా దండగ అని ఆయన లెక్క. ఆ జాగాలో ఇంకో గది వస్తుంది కదా అంటాడు. ఆయన పడక మాత్రం కిందే. చదువుకునే గదికీ పడకగదికీ నడుమ గోడలో గూడు చేయించి అందులో మంచం వేయించుకున్నాడు. ఇటు దిగితే కాగితాలు, అటు దిగితే బట్టలు. రెండడుగుల మెట్ల మీద ఎక్కీ దిగీ పడింది కూతురు, ఆమె సంతానం. కూతురికి పెరిగి పెద్దయిన పిల్లలే పదకొండు మంది. చంకలో బిడ్డ, చేతిలో దీపం, కాళ్లకు అడ్డంపడే పొడుగు గౌను. ఇంజనీరుగా మెచ్చుకుంటాను, తాతగా మెచ్చుకోను.

*

ప్రశ్న: ఆయన ఇంజనీరింగ్ ఎక్కడ చదివారు?
– ఇంటర్ విద్యార్థి, జగిత్యాల

జవాబు: ఎక్కడా చదవలేదు. వృత్తి వకీలు. ఇటలీకి చెందిన పల్లాడియో అనే వాస్తుశిల్పి 16వ శతాబ్దంలో రాసిన నాలుగు పుస్తకాలే ఆయనకు గురువు. స్తంభం లావు ఎంతుంటే ఎత్తు ఎంతుండాలి అన్నవన్నీ అందులోంచే. ఆ చదువుతోనే రిచ్‌మండ్‌లో వర్జీనియా శాసనసభ భవనానికి నమూనా ఇచ్చాడు, వర్జీనియా విశ్వవిద్యాలయం మొత్తం గీశాడు. ఆ విశ్వవిద్యాలయాన్నీ ఈ ఇంటినీ కలిపి 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన రామప్పకు ఆ గుర్తింపు 2021లో వచ్చింది. పుస్తకాలు చూసి ఇల్లు కట్టొచ్చు తమ్మీ, కానీ నువ్వు మాత్రం ఎప్‌సెట్ రాయి.

*

ప్రశ్న: హాల్లో వారం మొత్తం చూపించే గడియారం ఉందని రాశారు. కొంచెం వివరంగా చెప్తారా? మాది మూడు తరాల నుంచి గడియారాల రిపేరు షాపు.
– కరీంనగర్

జవాబు: మీరు చూస్తే అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. తలుపు మీద గోడలో గడియారం. లోపలి వైపు గంటలు, నిమిషాలు, సెకన్లు. అదే యంత్రానికి గోడ అవతల, వాకిట్లోకి ఇంకో ముఖం. దానికి గంటల ముల్లు ఒక్కటే. ఆరుబయట ఉన్నవాడికి నిమిషాలెందుకు అని కాబోలు.

యంత్రాన్ని నడిపేది ఫిరంగి గుండ్ల లాంటి ఇనుప గుండ్లు. తాళ్లకు వేలాడుతూ గది మూలల్లో కిందికి దిగుతుంటాయి. పక్క గోడ మీద పై నుంచి కిందికి వారాల పేర్లు రాసి ఉంటాయి. గుండు ఏ పేరు దగ్గరుంటే ఆరోజు ఆ వారం. చిక్కేమిటంటే, ఈ గడియారం ఫిలడెల్ఫియాలో ఉండగా చేయించినది. ఇక్కడికి తెచ్చి బిగించాక గోడ ఎత్తు చాల్లేదు. మీరైతే తాడు కురచ చేసేవారు. ఆయన నేలకు కన్నం కొట్టించాడు. శనివారం వచ్చేసరికి గుండు నేలలోంచి దిగి కింద సెల్లార్‌లోకి పోతుంది. శనివారం అన్న పేరు చూడాలంటే సెల్లార్‌లోకి దిగాలి! ఆదివారం నిచ్చెన వేసుకుని ఎక్కి కీ ఇస్తే గుండ్లు మళ్లీ పైకి. ఆ నిచ్చెన కూడా మడతపెట్టేది, ఇంట్లోనే చేసినది. కప్పు మీద చైనా గంట ఒకటి గంటగంటకూ మోగేది. పొలంలో పని చేసేవాళ్లకు కూడా వినబడాలి కదా.

*

ప్రశ్న: సార్ నమస్తే. నేను మేస్త్రీని. సిమెంటు, ఇనుము లేని రోజుల్లో గుట్ట మీద అంత పెద్ద గుమ్మటం ఎట్ల నిలబెట్టిన్రు? ఇటుక, నీళ్లు గుట్ట మీదికి ఎట్ల మోసిన్రు?
– పరకాల

జవాబు: మేస్త్రీ గారూ, అసలు ప్రశ్న మీరడిగారు. ఇటుక మోసేది లేదు. అక్కడి నేల మన ఎర్రమట్టి లాంటిదే. ఇటుకలు అక్కడే కోయించి అక్కడే కాల్చారు. కలప సొంత అడవిలోది. అద్దాలు మాత్రం సముద్రం దాటి వచ్చాయి.

గుమ్మటం ఇటుకది కాదు, కట్టెది. మన రామప్ప శిఖరం బరువు తగ్గించడానికి కాకతీయుల కాలపు పనివాళ్లు నీళ్ల మీద తేలే ఇటుకలు వాడారు. ఈయన అదే బరువు చిక్కుకు కట్టెను నమ్ముకున్నాడు. ఫిలిబెర్ దెలోర్మ్ అనే పాతకాలపు ఫ్రెంచి ఆయన చెప్పిన పద్ధతి ఒకటుంది. బండి చక్రం చుట్టు ఒకే కట్టెతో రాదు గదా, వంపు ముక్కలు చెక్కి ఒకదానికొకటి జోడిస్తారు. ఇదీ అంతే. పొట్టి పలకలను వంపుగా కోసి, ఒక వరుస అతుకు మీద ఇంకో వరుస అతుకు పడకుండా జమాయించి, మేకులు కొట్టి ఒక్కో పక్కటెముక తయారు చేస్తారు. అలాంటివి చుట్టూ నిలబెట్టి నెత్తిన కలుపుతారు. పెద్ద దూలం ఒక్కటి కూడా అక్కర్లేదు. కింద ఎనిమిది మూలల గది, గోడల్లో గుండ్రటి కిటికీలు, నడినెత్తిన అద్దం. అమెరికాలో ఇంటికి గుమ్మటం పెట్టడం అదే మొదలంటారు. అంత చేసీ ఆ గది పెద్దగా ఎందుకూ పనికిరాలేదు. ఆ ఇరుకు మెట్లెక్కి ఎవరు పోతారు? కొన్నాళ్లు పెళ్లయిన మనవడు కాపురమున్నాడు, తర్వాత పాత సామాను పడేసుకున్నారు.

నీళ్ల దగ్గర మాత్రం గుట్ట ఆయనకు చుక్కలు చూపించింది. 1769లోనే రాతిలో 65 అడుగుల బావి తవ్వించాడు. కొన్నేళ్లు నీళ్లుండేవి, కొన్నేళ్లు ఎండిపోయేది. అప్పుడు కింది ఊటల నుంచి బండ్ల మీద మోయాలి. చివరికి వాన నీళ్లు పట్టుకోవడానికి నాలుగు తొట్లు కట్టించాడు. ఒక్కోటి ఎనిమిదడుగుల పొడవు, వెడల్పు, లోతు. నిండితే 14,500 లీటర్ల దాకా పడతాయి. ఇంటికి రెండు పక్కలా ఉన్న పొడుగాటి డాబాల మీద పడే నీళ్లన్నీ వాటిలోకే. ఆలోచన పక్కా, పూత నిలవలేదు. ఏళ్ల తరబడి తొట్లు కారుతూనే ఉన్నాయి. సంపు కారితే ఎంత తలనొప్పో మీకు నేను చెప్పాలా?

*

ప్రశ్న: అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానంగానే పుట్టారని రాసిన మనిషి బానిసలను పెట్టుకున్నాడు. అయితే అది మన దొరల గడి లాంటిదే కదా సార్? దాన్ని మెచ్చుకోవడం ఎందుకు?
– డిగ్రీ విద్యార్థిని, హుజూరాబాద్

జవాబు: బిడ్డా, ఈ ప్రశ్న నువ్వు పంపకపోతే నేనే రాసుకునేవాణ్ని. మా తాత జనగామ దిక్కు ఒక గడిలో నీళ్లు మోసినవాడు. కాబట్టి ఎక్కడ పెద్ద ఇల్లు చూసినా నా కళ్లు ముందు వెనక దర్వాజ వెతుకుతాయి.

ముందు లెక్కలు. జెఫర్సన్ బతికినంత కాలంలో ఆయన సొత్తుగా ఉన్న మనుషులు 600కు పైనే. గుట్ట మీదా చుట్టుపక్కల పొలాల్లో కలిపి ఒక్కోసారి 130 మంది దాకా. అందరూ ఆయన కొన్నవాళ్లు కారు. 1773లో మామ చనిపోతే భార్య వాటాగా 135 మంది వచ్చారు, భూములతో, అప్పులతో పాటు. మన దొరల ఇళ్లలో పెళ్లికూతురితో పాటు ఆడబాపలనే దాసీలను పంపేవాళ్లని మీ అమ్మమ్మను అడిగితే చెప్తుంది. అలా వచ్చినవాళ్లలో శాలీ హెమింగ్స్ అనే పసిపిల్ల ఉంది. ఆమె ఎవరో కాదు, జెఫర్సన్ భార్యకు తండ్రి వైపు చెల్లెలే. తల్లి బానిస కాబట్టి బిడ్డా బానిసే. భార్య 1782లో పోయాక, శాలీ కన్న పిల్లలకు తండ్రి జెఫర్సనే అన్న మాట రెండు వందల ఏళ్లు గుసగుసగా నడిచింది. 1998లో డీఎన్‌ఏ పరీక్ష చేశారు. 2000లో ఆ ఇంటిని చూసుకునే ఫౌండేషనే మిగతా ఆధారాలు కూడా పరిశీలించి, ఆమె పిల్లలకు తండ్రి ఆయనే కావచ్చని ఒప్పుకుంది. 2018 నుంచి దక్షిణం వైపు గదుల్లో ఒకదాన్ని ఆమె పేరిట చూపిస్తున్నారు.

ఇంటికి దిగువన మల్బరీ చెట్ల వరుసలో 1,300 అడుగుల దారి ఉంది. వడ్రంగి కొట్టం, కమ్మరి కొలిమి, పనివాళ్ల గుడిసెలు అన్నీ దాని వెంటే. 1794లో అక్కడ మేకుల కార్ఖానా పెట్టాడు. అందులో పదేళ్ల నుంచి పదహారేళ్ల మగపిల్లలు పొద్దంతా సుత్తి కొట్టేవాళ్లు. ఏ పిల్లాడికి ఎంత ఇనుము ఇచ్చారు, ఎన్ని మేకులు చేశాడు, ఎంత తరుగు పోయింది అని జెఫర్సన్ తన చేత్తో రాసుకున్నాడు. ఆ లెక్కల కాగితం చూస్తుంటే నాకు గుమ్మటం అందం కాసేపు మర్చిపోయినట్టయింది. ఇంట్లోని సన్నని కలప పని చూశారూ, అందులో చాలా భాగం జాన్ హెమింగ్స్ అనే బానిస వడ్రంగిది. ఐర్లండ్ నుంచి వచ్చిన పనివాడి దగ్గర నేర్చి, అతనికి దీటుగా చేశాడు.

ఇప్పుడు గడి సంగతి. పోలిక ఉంది, తేడా కూడా ఉంది. గడి ఊరికి కనబడేట్టు కడతారు. ఎత్తు గోడ, పెద్ద దర్వాజ, బురుజు, ముందు నుంచి పోయేవాడు చెప్పులు చేత పట్టుకోవాలి. దాని పనే భయపెట్టడం. మాంటిచెల్లో ఎవరినీ భయపెట్టదు. అక్కడ చాకిరీ కళ్లబడకుండా చేయడమే వాస్తు. వంటిల్లు, పొగబెట్టి మాంసం దాచే గది, పాల గది, గుర్రాల కొట్టం, అన్నీ ఆ రెండు డాబాల కింద గుట్ట వాలులోకి తోసేశారు. ఇంటి కిందుగా ఒక సొరంగం లాంటి నడవ. వంటమనిషి ఈడిత్ ఫాసెట్ అధ్యక్ష భవనంలో ఫ్రెంచి వంట నేర్చుకున్న మనిషి. ఆమె చేసిన కూరలు ఆ నడవలోంచి వచ్చి, భోజనాల గది తలుపు దగ్గర ఆగుతాయి. ఆ తలుపుకు వెనక అరలుంటాయి. గిన్నెలు అరల్లో పెట్టి తలుపు గిర్రున తిప్పితే వంటలు లోపలికి, తెచ్చిన మనిషి బయటే. పొయ్యి పక్కన గోడలో చిన్న లిఫ్టు, సెల్లార్‌లోంచి ద్రాక్షసారా సీసాలు దానంతట అవే పైకి వచ్చినట్టుంటుంది. కింద నిలబడి పంపేవాడు ఎవరికీ కనబడడు. విందుకు వచ్చినవాళ్లు స్వేచ్ఛ గురించి హాయిగా మాట్లాడుకోవచ్చు.

మెచ్చుకోవడం ఎందుకన్నావు. కిటికీలు, గుమ్మటం, గడియారం, ఇవన్నీ నిజంగా గొప్ప పనితనం. మెచ్చుకోకపోతే చేసిన జాన్ హెమింగ్స్‌కు అన్యాయం. ఆ మేకుల లెక్క మాత్రం మెచ్చుకున్న ప్రతిసారీ పక్కనే పెట్టుకోవాలి.

ఇంకోటి. 1776 జులై 4న ఆ స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. సరిగ్గా యాభై ఏళ్లకు, 1826 జులై 4న ఆయన ఈ ఇంట్లోనే పోయాడు. గైడు ఆ తేదీ చెప్పగానే అక్కడున్న అమెరికన్లంతా తలలు ఊపారు. నాకు మాత్రం కడవెండి గుర్తొచ్చింది. 1946 జులై 4న విసునూరు దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య పోయిన రోజు. తేదీలు కలవడానికి కారణమేమీ లేదు, కానీ మన దిక్కు పుట్టినవాడికి ఆ తేదీ అదే.

నీకు చేతనైతే ఒక పని చెయ్యి. అక్కడి ఫౌండేషన్ 1993 నుంచి ఆ బానిసల వారసులను వెతికి పట్టుకుని వాళ్ల ఇంటి కథలు రికార్డు చేస్తోంది. మీ ఊరి చుట్టుపక్కల గడి ఉంటే, అందులో వెట్టి చేసినవాళ్ల ఇళ్లలో ముసలివాళ్లు ఇంకా ఉంటారు. ఫోన్‌లో రికార్డు పెట్టి పేర్లు అడుగు. ఎవరు నీళ్లు మోశారు, ఎవరు పిండి విసిరారు, ఎవరు పల్లకీ మోశారు. నాకు పంపితే ఇక్కడే అచ్చు వేయిస్తా.

*

ప్రశ్న: ఆయన తర్వాత ఆ ఇల్లు వారసులకే వచ్చిందా?
– మంచిర్యాల

జవాబు: అప్పులు వచ్చాయి. 1,07,000 డాలర్లకు పైన. ఆ కాలానికి అది తీరే అప్పు కాదు. 1827 జనవరిలో సామానుతో పాటు మనుషులను కూడా వేలం వేశారు, 130 మందిని. వీలునామాలో ఐదుగురికి మాత్రం విముక్తి రాశాడు, అందరూ హెమింగ్స్ బంధుగణమే. అందులో కమ్మరి జోసెఫ్ ఫాసెట్ ఒకడు. ఇందాక చెప్పిన వంటమనిషి ఈడిత్ భర్త. అతనికి స్వేచ్ఛ, భార్యాపిల్లలకు వేలం.

ఇల్లు 1831లో ఒకరికి అమ్మారు. 1834లో ఉరయా లీవై అనే నౌకాదళం అధికారి 2,700 డాలర్లకు కొన్నాడు. ఆయన యూదుడు. మత స్వేచ్ఛ కోసం జెఫర్సన్ రాసిన చట్టం మీద గౌరవంతో కొన్నాడంటారు. ఓడల మీద నావికులను కొరడాతో కొట్టే శిక్ష పోవాలని గట్టిగా పోరాడినవాడు కూడా. ఆయనా, ఆయన తమ్ముడి కొడుకూ కలిపి దాదాపు తొంభై ఏళ్లు ఇంటిని కాపాడారు. 1923లో ఇప్పటి ఫౌండేషన్ ఐదు లక్షల డాలర్లకు కొంది. అమెరికా ఐదు సెంట్ల నాణెం మీద 1938 నుంచి కనిపించే ఇల్లు ఇదే. మీ ఇంట్లో ఎవరైనా అక్కడి నుంచి వచ్చినప్పుడు జేబులో చిల్లర ఉంటే చూడండి.

*

ప్రశ్న: హసన్‌పర్తి దగ్గర 200 గజాల్లో ఇల్లు మొదలుపెడుతున్నాం. మీరు రాసింది చదివి మా ఆయన పైన గుమ్మటం పెడదామంటున్నారు. ఏమంటారు?
– గృహిణి, హనుమకొండ

జవాబు: గుమ్మటం మాన్పించండి తల్లీ. మోజు తీరాక వానాకాలం మొదలవుతుంది. జెఫర్సన్ కప్పు కూడా కారింది. ఆయన దగ్గర తెచ్చుకోదగ్గవి రెండున్నాయి. మెట్ల గదికి గానీ నడవకు గానీ కప్పులో ఒక గట్టి అద్దం బిగించండి, పగటిపూట లైటు వెయ్యక్కర్లేదు. రెండోది సంపు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్ల పైచిలుకు నీళ్లు. పైపు వేసి, ముందు వచ్చే మురికి నీళ్లు బయటికి పోయే ఏర్పాటు పెట్టి, మిగతావి సంపులోకి మళ్లించండి. లోపలి పూతకు వాటర్‌ప్రూఫింగ్ పొడి కలపమని మేస్త్రీకి దగ్గరుండి చెప్పండి, పూత ఆరాక నీళ్లు నింపి రెండ్రోజులు మట్టం గీత పెట్టి చూడండి. మెట్ల వెడల్పు మూడడుగులకు తగ్గనియ్యొద్దు, ప్లాను ఎవరు గీసినా సరే.